పేరు లేని మాట, పేరు పెట్టిన వార్త

2018 మే నెల. బడులకు ఎండాకాలం సెలవులు. మెదక్‌లో మా ఇంటి అరుగు మీద కూర్చొని ఫోన్ చూసుకుంటున్నాను. మా టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. పార్థీ గ్యాంగ్ మన జిల్లాలోకి దిగిందట. బిచ్చగాళ్ల వేషంలో, దుప్పట్లు అమ్మేవాళ్ల వేషంలో ఊళ్లలో తిరుగుతున్నారట. పిల్లల్ని ఎత్తుకుపోయి కిడ్నీలు తీసి అమ్ముకుంటున్నారట. కింద ఒక వీడియో. బైకు మీద వచ్చిన ఇద్దరు, వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ని ఎత్తుకొని పోతున్నారు.

నేను ఆ మెసేజ్‌ను నమ్మానా అంటే, పూర్తిగా నమ్మానని చెప్పలేను. నమ్మలేదనీ చెప్పలేను. "ఎందుకైనా మంచిది" అనుకున్నాను. మా చుట్టాల గ్రూపుకు, ఊళ్లలో ఉన్న నా పాత విద్యార్థుల గ్రూపుకు పంపాను. హవేలీ ఘనపూర్ డైట్‌లో టీచర్ ట్రైనింగ్ చేసి, పదిహేనేళ్లకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ని. ఆ మెసేజ్ ఎవరు రాశారని నన్ను నేను ఒక్కసారి కూడా అడగలేదు.

నాలుగు రోజుల తర్వాత మా మేనమామ ఇంటికి వచ్చాడు. మేము ఎరుకల వాళ్లం. మామ ఈతపుల్లలతో అల్లిన గంపలు, చాటలు సైకిల్‌కు కట్టుకొని ఊరూరా తిరిగి అమ్ముతాడు. ఆ రోజు సైకిల్ లేదు, గంపలు లేవు, చొక్కా చినిగి ఉంది. ఒక ఊరి చెరువు కట్ట మీద పది పదిహేను మంది పిల్లలు ఆపారట. చేతుల్లో కట్టెలు. "ఏ ఊరు నీది? ఆధార్ కార్డు తియ్యి" అన్నారట. కార్డు ఇంట్లో ఉంది. "ఏం కులం?" అని అడిగితే "ఎరుకలోళ్లం" అని ఉన్నమాట చెప్పాడు. దాంతో దెబ్బలు మొదలయ్యాయి. ఆ ఊళ్లో ఏటా గంపలు కొనే ఒక ముసలమ్మ ఉరికొచ్చి, "వీడు మా గంపలోడురా, ఇరవై ఏండ్ల సంది వస్తుండు" అని అడ్డం నిలబడితే బతికి బయటపడ్డాడు.

మంచినీళ్లు తాగి మామ నన్ను ఒక్క మాట అడిగాడు. "సారువైనవు గదా అల్లుడా. గీ పార్థీలంటే ఎవరు? మనోళ్లేనా?"

నాకు జవాబు తెలియదు. నేను పంపిన మెసేజే ఆ చెరువు కట్ట దాకా పోయిందో లేదో కూడా తెలియదు. పోలేదని చెప్పే ధైర్యం మాత్రం ఈనాటికీ లేదు. మామ అడిగిన దానికి ఇన్నాళ్లకు నేను వెతుక్కున్న జవాబే ఈ వ్యాసం.

ఆ వేసవిలో జరిగింది

మామ అదృష్టవంతుడు. ఆ వేసవిలో చాలామందికి అడ్డం నిలబడే ముసలమ్మ దొరకలేదు. మే చివర్లో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో, రంజాన్ నెలలో యాచనకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లని అనుమానించి గుంపు కొట్టి చంపింది. జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడలో ఐదుగురిని చంపారు. వాళ్లు నాథ్‌పంథీ దవరీ గోసావీలు. ఊరూరా తిరిగి అడుక్కొని బతికే సంచార జాతి. జూలై 13న మనకు పొరుగునే ఉన్న బీదర్ జిల్లా ముర్కి దగ్గర, హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని చంపారు. ఆ స్నేహితుల బృందం చేసిన తప్పల్లా బడి పిల్లలకు చాక్లెట్లు పంచడమే. ఆ రెండు మూడు నెలల్లో దేశమంతా కలిపి ఇరవై మందికి పైగా ఇలా చనిపోయారని అప్పటి పత్రికలు లెక్క చెప్పాయి.

రైన్‌పాడ సంగతి దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. అది ఆదివాసీలు ఎక్కువగా ఉండే పల్లె. చనిపోయినవాళ్లు ఇల్లూ వాకిలీ లేని సంచార జాతివాళ్లు. అంటే ఈ పుకారు పైవాళ్ల చేతిలోనే కాదు, మన చేతిలోనూ కట్టె పెట్టింది. లోకం అనుమానంగా చూసే మనుషులే, తమకంటే బలహీనులను అదే కళ్లతో చూశారు. నా ఫోన్‌లో నేను చేసిందీ అంతకంటే భిన్నం కాదు.

ఇక ఆ వీడియో. అది మన దేశంలో తీసింది కాదు. పిల్లల భద్రత గురించి జనాన్ని హెచ్చరించడానికి పాకిస్తాన్‌లోని కరాచీలో తీసిన ప్రచార చిత్రం. అసలు వీడియోలో బైకు మనుషులు తిరిగొచ్చి పిల్లవాణ్ని దించేస్తారు. పిల్లల్ని ఎత్తుకుపోవడం ఎంత సులువో చూడండి అని చెప్పే అట్టను పట్టుకొని చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్కను కత్తిరించారు. అంతకుమించి ఏమీ మార్చలేదు. జాగ్రత్త చెప్పిన వీడియో మనుషుల్ని చంపించే వీడియో అయింది. తెలుగు పాఠంలో చివరి వాక్యం తీసేస్తే కథ నీతి తలకిందులైనట్టు.

పార్థీలు ఎవరు?

మామ ప్రశ్నకు వస్తాను. పార్ధీలు, మనవాళ్ల నోట్లో పార్థీలు, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ వైపు ఉండే వేటగాళ్ల జాతి. పారధ్ అంటే మరాఠీలో వేట. ఉచ్చులు పన్ని కౌజు పిట్టలను పట్టి బతికినవాళ్లు. మహారాష్ట్రలో వాళ్లు షెడ్యూల్డ్ తెగ. మన ఆదిలాబాద్ ప్రధాన్లతో వాళ్లకు సంబంధం లేదు. ప్రధాన్లు కికిరి వాయిస్తూ గోండుల పురాణ కథలు పాడేవాళ్లు. పేర్లు దగ్గరగా ఉన్నాయి కాబట్టి ఈ తేడా మన పిల్లలకు చెప్పి ఉంచాలి.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. ఒక మనిషి నేరం చేశాడా లేదా అని ఆ చట్టం అడగలేదు. ఒక జాతిలో పుట్టడమే నేరమని రాసింది. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. ఉత్తరాన పార్ధీలు, కంజర్లు ఆ జాబితాలోకి ఎక్కినట్టే, ఇటు ఎరుకలవాళ్లూ, లంబాడీల్లో కొందరూ ఎక్కారు. నిజాం రాజ్యంలోనూ ఇలాంటి చట్టమే ఉండేది. పేరు నమోదైన మనిషి పోలీసులకు హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే చీటీ తీసుకోవాలి. బాపట్ల దగ్గరి స్టూవర్ట్‌పురం అలా పుట్టిన ఊరే. 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించి ఎరుకలవాళ్ల కోసం పెట్టిన సెటిల్‌మెంట్ అది. మద్రాసు ప్రభుత్వంలో ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్ అనే అధికారి పేరు దానికి పెట్టారు.

స్వాతంత్ర్యం వచ్చాక మన తెలుగువాడే అయిన అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. ఆ చట్టం పోవాలని అది సిఫారసు చేసింది. 1952 ఆగస్టు 31న చట్టం పోయింది. అందుకే మనల్ని విముక్త జాతులు అంటారు.

కాబట్టి మామా, పార్థీలు మనోళ్లే. రక్తంలో కాదు, జాబితాలో మనోళ్లు. వాళ్ల పేరు మీద వచ్చిన పుకారుకు నీ వీపు మీద దెబ్బలు పడటం పొరపాటున జరిగింది కాదు. ఆ జాబితా కాగితం మీద చచ్చిపోయింది, జనం నోట్లో బతికే ఉంది.

వార్త రాసే భాష

జనం నోట్లో దాన్ని ఎవరు బతికించారు? వాట్సాప్ కాదు. మన ఊళ్లలోకి వాట్సాప్ వచ్చి పది పన్నెండేళ్లే. అంతకు ముందు యాభై ఏళ్లు ఆ పని చేసింది పత్రికలు, సినిమాలు.

జిల్లా పేజీలు తిరగేయండి. ఎక్కడో దొంగతనం జరుగుతుంది. దొంగ ఇంకా దొరకలేదు. కానీ మర్నాటికి "పార్థీ గ్యాంగ్ హల్‌చల్" అని శీర్షిక. ఒక్కోసారి చివర ప్రశ్నార్థకం తగిలిస్తారు. "పార్థీ ముఠా పనేనా?" ప్రశ్నార్థకం పెడితే రాసినవాడికి బాధ్యత తప్పుతుంది, చదివినవాడికి భయం మాత్రం తగ్గదు. లోపల "స్థానికులు అనుమానం వ్యక్తం చేస్తున్నారు" అని ఉంటుంది. ఆ స్థానికులు ఎవరో ఉండదు. నాలుగు రోజులకు అసలు దొంగ దొరికితే, అతను ఆ ఊరి వాడే అయితే, ఆ వార్త లోపలి పేజీలో నాలుగు లైన్లు. మొన్న మేము రాసింది తప్పని ఒక్క లైనూ ఉండదు.

ఇంకో తేడా గమనించండి. బ్యాంకులో కోట్లు ఎగ్గొట్టినవాడి వార్తలో అతని కులం పేరుతో గ్యాంగ్ అని ఎప్పుడైనా చదివామా? చిట్‌ఫండ్ పెట్టి ఊరును ముంచినవాణ్ని ఫలానా కులపు ముఠా అని రాశారా? రాయరు, రాయకూడదు కూడా. అతను నేరం చేసిన ఒక మనిషి. మన దగ్గరకు వచ్చేసరికి మనిషి మాయమై జాతి మిగులుతుంది. 1871 చట్టం చెప్పింది సరిగ్గా ఇదే. చట్టం రద్దైనా దాని వ్యాకరణం విలేకరి కలంలో మిగిలిపోయింది.

సినిమాల సంగతీ అంతే. 1991లో "స్టూవర్ట్‌పురం పోలీస్ స్టేషన్" వచ్చింది. 2023లో "టైగర్ నాగేశ్వరరావు" వచ్చింది. దాని టీజర్ ఎరుకలవాళ్లను, స్టూవర్ట్‌పురాన్ని కించపరుస్తోందని హైకోర్టులో వ్యాజ్యం పడింది. రెండు సినిమాల మధ్య ముప్పై రెండేళ్లు. ఈ ముప్పై రెండేళ్లలో ఆ ఊరి నుంచి, మన వాడల నుంచి టీచర్లు, నర్సులు, ఉద్యోగులు వచ్చారు. ఊరి పేరు సినిమాకు ఎక్కాలంటే మాత్రం దొంగ కావాలి.

ఇవన్నీ చదువుతూ, చూస్తూ పెరిగిన పిల్లలే చెరువు కట్ట మీద కట్టెలు పట్టుకున్నారు. మెసేజ్ రాసినవాడు "గ్యాంగ్" అని ఊరికే అంటే వాళ్లు నమ్మేవాళ్లు కాదు. "పార్థీ గ్యాంగ్" అన్నాడు కాబట్టి నమ్మారు. ఆ మాట వాళ్లు అచ్చులో చూసి ఉన్నారు. పత్రిక దుక్కి దున్ని పెట్టింది, వాట్సాప్ విత్తనం చల్లింది.

భద్రాచలం సంతకాలు

ఇక్కడిదాకా చదివిన యువకులు అనుకుంటారు. "పత్రికలు అబద్ధాలు రాస్తాయి, ప్రభుత్వం మోసం చేస్తుంది, కాబట్టి ఎవరినీ నమ్మొద్దు. మన గ్రూపులో మనోళ్లు పంపిందే నిజం." ఇటీవల ఈ మాట చాలామంది నోట వింటున్నాను. ఇది మొదటిదానికంటే ప్రమాదం. ఎందుకో ఒక నిజమైన కథతో చెబుతాను.

2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా అది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు. దాదాపు పద్నాలుగు వేల మంది పిల్లలు. వాళ్లలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండే ఆదివాసీ పిల్లలు. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇదే జరిగింది. టీకా వేయించుకున్న పిల్లల్లో రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు చనిపోయారు. మహిళా సంఘాలు ఊళ్లకు వెళ్లి విచారించాయి, పత్రికలు రాశాయి, 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది.

అప్పటి నుంచి ఈ సంగతి రెండు రకాలుగా చెప్పుకుంటున్నారు. మొదటిది: "పిల్లల తల్లిదండ్రులను సరిగ్గా అడగకుండా టీకా వేశారు." రెండోది: "ఆ టీకా పిల్లల్ని చంపింది, ఆదివాసీలకు పిల్లలు పుట్టకుండా చేసే కుట్ర అది."

మొదటిదానికి కాగితం ఉంది. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో ఆంధ్రప్రదేశ్ లెక్కలున్నాయి. 9,543 అంగీకార పత్రాల్లో 1,948 పత్రాల మీద వేలిముద్రలు. 2,763 పత్రాల మీద తల్లిదండ్రుల సంతకాలు కాదు, హాస్టల్ వార్డెన్ల సంతకాలు. స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని చాలా కఠినంగా తప్పుపట్టింది.

రెండోదానికి కాగితం లేదు. ప్రభుత్వం వేసిన విచారణ కమిటీ ఆ ఏడు మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని చెప్పింది. అదే కమిటీ అంగీకార పత్రాల్లో లోపాలను ఎత్తిచూపింది. ఈ టీకాను ఈనాడు చాలా దేశాల్లో ఆడపిల్లలకు మామూలుగా వేస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సిఫారసు చేస్తోంది.

ఇప్పుడు చూడండి, రెండో మాట మొదటి మాటను ఎలా మింగిందో. "టీకా చంపింది" అని మనం అన్నంతసేపు, ఎదుటివాడు "చంపలేదు, ఇదిగో నివేదిక" అని గెలుస్తాడు. గెలిచి ఇంటికి పోతాడు. "మా బిడ్డ ఒంటికి సూది వేసే ముందు మమ్మల్ని ఎందుకు అడగలేదు?" అన్న ప్రశ్న ఎవరూ అడగకుండా మిగిలిపోతుంది. దానికి వాళ్ల దగ్గర జవాబు లేదు. కుట్ర కథ మనల్ని అన్యాయం నుంచి కాపాడుతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి అన్యాయం చేసినవాణ్ని మన చేతి నుంచి తప్పిస్తుంది.

ఇంకా ఒక చేదు మాట, టీచర్లకు. ఆ రెండు వేల ఏడు వందల చిల్లర సంతకాలు ఏ అమెరికావాడో చేసినవి కావు. బడి అనే గడప లోపలి మనుషులు చేసినవి. పై నుంచి కాగితం వచ్చింది, కింద గీత గీసి ఉంది, సంతకం పెట్టారు. "ఎందుకైనా మంచిది" అని నేను మెసేజ్ పంపినట్టే. 2021లో కరోనా టీకాల సమయంలో నేను ఆరోగ్య సిబ్బందితో మా వాడల్లో తిరిగాను. ఒక పెద్దమ్మ తలుపు దగ్గరే నిలబడి, "సూది మంచిదే కావొచ్చు బిడ్డా. గని మమ్ముల అడిగేటందుకు ఎవలన్న వచ్చిండ్రా ఇన్నేండ్లల్ల? ఏస్తం పట్టు అంటరు గంతే" అంది. ఆమె కుట్ర గురించి మాట్లాడలేదు. అడగమంది. గంటసేపు కూర్చొని ఆమె అడిగినవాటికి తెలిసినంత చెప్పాను, తెలియనివి నర్సమ్మను అడిగి చెప్పించాను. ఆమె టీకా వేయించుకుంది. అడిగి చెప్పడానికి గంట పట్టింది, అంతే. ఆ గంట మిగుల్చుకుందామని చూసిన చోటల్లా పుకారు పుడుతుంది.

అవ్వ ఎరుక

మా నాయనమ్మ ఎరుక చెప్పేది. బుట్ట, కర్ర పట్టుకొని ఊళ్లు తిరిగేది. నా చిన్నప్పుడు ఒకసారి అడిగాను. "అవ్వా, నీకు అన్నీ ఎట్ల తెలుస్తయి?" నవ్వి చెప్పింది. "గడప తొక్కక ముందే ఇల్లు చూడాలె బిడ్డా. దండెం మీద ఏం బట్టలున్నయి, గొడ్డు కట్టేసి ఉన్నదా లేదా చూడాలె. ఒక మాట అని మొఖం చూడాలె. కండ్లల్ల నీళ్లు తిరిగినయా, అదే తొవ్వ పట్టుకొని పోవాలె. నేను చెప్పేది ఆళ్ల మనసుల ఉన్నదే."

ఇన్నేళ్ల తర్వాత వాట్సాప్ కుట్ర కథలు చదువుతుంటే అవ్వ గుర్తొస్తుంది. అవీ అదే పని చేస్తాయి. మన మనసులో ఉన్న భయాన్ని మనకే చెబుతాయి. పిల్లల తల్లికి పిల్లల దొంగ కథ. రైతుకు భూమి పోయే కథ. రిజర్వేషన్ మీద బతుకు నిలబెట్టుకున్న మనకు, ఫలానా తెగవాళ్లు మన ఉద్యోగాలన్నీ రహస్యంగా తినేస్తున్నారన్న కథ. ఆదివాసీలకు లంబాడీల మీద ఒకటి, లంబాడీలకు ఆదివాసీల మీద ఒకటి. ఒకరి ఫోన్‌లోది ఇంకొకరు చూడరు. హక్కుల గురించి వాదం ఉంటే జీవోలు, లెక్కలు ముందు పెట్టుకొని వాదించుకోవచ్చు. మెసేజ్‌లో జీవో నంబరు ఉండదు, భయం ఉంటుంది.

అయితే అవ్వకూ ఆ మెసేజ్‌కూ ఒక పెద్ద తేడా ఉంది. అవ్వకు మొహం ఉంది, పేరు ఉంది. మళ్లీ ఏడాది అదే ఊరికి పోవాలి. ఎవరి ఇంట్లోనైనా చిచ్చు పెట్టే మాట చెబితే మరుసటి ఏడు ఆ ఊళ్లో గుప్పెడు గింజలు పుట్టవు. అందుకే మాట తూచి చెప్పేది. మెసేజ్‌కు మళ్లీ రావాల్సిన పని లేదు. దాని వల్ల మనిషి చచ్చినా వచ్చి అడిగేవాడు లేడు.

పత్రికకూ మెసేజ్‌కూ తేడా ఇదే. పత్రికలు మనల్ని గాయపరిచాయని పైన రాశాను. ఎన్నికల్లో డబ్బు తీసుకొని ప్రకటనలను వార్తలుగా అచ్చు వేశాయన్నదీ నిజం. 2009 ఎన్నికల్లో జరిగిన ఈ పెయిడ్ న్యూస్ బాగోతం మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యుల ఉపసంఘం వేసింది. అందులో ఒకరు మన తెలుగు జర్నలిస్టు కె.శ్రీనివాసరెడ్డి, రెండోవారు పరంజయ్ గుహ ఠాకుర్తా. పత్రికల పేర్లతో సహా వాళ్లు రాసిన నివేదికను 2010లో కౌన్సిల్ పూర్తిగా బయటపెట్టకుండా చిన్న నివేదికతో సరిపెట్టింది. సమాచార హక్కు కింద పోరాడితే 2011లో మొత్తం బయటికి వచ్చింది. పత్రికల మీద అపనమ్మకం ఊరికే రాలేదు.

కానీ ఆ నివేదిక రాసినవాళ్లూ జర్నలిస్టులే. తమ ఇంటి తప్పును తామే పేర్లతో రాశారు. కరాచీ వీడియో గుట్టు విప్పిందీ జర్నలిస్టులే. ప్రతి పత్రిక అడుగున సంపాదకుడి పేరు, ప్రచురణకర్త పేరు, ముద్రించిన చోటు ఉంటాయి. 1867 నుంచి చట్టం అడుగుతున్నది అదే. తప్పు రాస్తే ముందు సంపాదకుడికి ఉత్తరం రాయవచ్చు. దిద్దుకోకపోతే ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. మన మీద "గ్యాంగ్" వార్తలు వచ్చినప్పుడు మనలో ఎంతమందిమి ఆ ఉత్తరం రాశాం? నేను రాయలేదు. తిట్టుకొని పేపరు మడిచి పెట్టాను, అంతే. పత్రికను నమ్మడం వేరు, దాన్ని జవాబు అడగడం వేరు. నేను రెండోది చేయమంటున్నాను. పేరు లేని మెసేజ్‌ను నమ్మడం తప్ప జవాబు అడగడానికి దారి లేదు. కుట్ర కథను నమ్మేవాణ్ని అందరూ అనుమానాలమనిషి అంటారు. నా లెక్కలో అతను అతిగా నమ్మే మనిషి. మొహం తెలియనివాడి మాటను అడగకుండా నమ్మాడు.

ఇక మనం

2018లో మరో దారి చూపినవాళ్లూ ఉన్నారు. జోగుళాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి, ఊరికి ఇంత మంది అని పోలీసులను పంపి జనంతో మాట్లాడించారు. డప్పు కొట్టి, పాటలు కట్టి పుకార్ల గురించి చెప్పించారు. పుకారు పుట్టినచోటే, పుకారు మాట్లాడే భాషలోనే జవాబు చెప్పారు. అదే జూలైలో వాట్సాప్ కంపెనీ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదుగురికి మించి పంపకుండా కట్టడి పెట్టింది. కట్టడి మంచిదే. కానీ ఐదుగురు చాలు. చెరువు కట్ట మీద మామను మొదట పట్టుకున్నది ముగ్గురే.

ఇప్పుడు నా తరగతిలో వారానికి ఒక పూట ఇదే పాఠం. పిల్లలు ఇంట్లో విన్న ఒక మాటనో, పేపర్లో చదివిన ఒక వార్తనో తెస్తారు. ఇది ఎవరన్నారు, వాళ్ల పేరు ఉందా అని మొదట అడుగుతాం. వాళ్లు కళ్లారా చూశారా, ఎవరో అంటే విన్నారా అని అడుగుతాం. ఇది తప్పని తేలితే దెబ్బ ఎవరికి తగులుతుంది అని అడుగుతాం. చివరి ప్రశ్న దగ్గర పిల్లలు ఎప్పుడూ ఆగిపోతారు. మొన్న ఐదో తరగతి పిల్ల ఒకతి చాలాసేపు ఆలోచించి, "గంపలమ్మే తాతకు సార్" అంది. మామ సంగతి నేను తరగతిలో ఎప్పుడూ చెప్పలేదు. వాళ్ల తాత కూడా గంపలే అమ్ముతాడు.

మన గురించి తప్పు రాస్తే ఏం చేయాలన్నదానికి తెలంగాణలో పాత పాఠం ఒకటుంది. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఒకరు రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి గారు గొంతు చించుకోలేదు. 1934లో 354 మంది కవుల పద్యాలతో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశారు. మన తెగల రచయితలు వేసే ఇలాంటి చిన్న పుస్తకాలు కూడా ఆ పనే చేయాలి. మన పేరు మనమే సరిగ్గా రాయాలి, కింద సంతకం పెట్టాలి, తప్పైతే దిద్దుకోవాలి.

మా జాతి పేరులోనే ఎరుక ఉంది. ఎరుక అంటే తెలుసుకోవడం. అవ్వ దాన్ని పొట్ట కోసం వాడింది. నేను ఒకనాడు దాన్ని మరిచి వేలితో ఒక మీట నొక్కాను. మామకు వీపు నొప్పి వానాకాలంలో ఇప్పటికీ వస్తుంది. గంపలు మాత్రం మానలేదు. ఇప్పుడు ఆధార్ కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టి మెడలో వేసుకొని పోతున్నాడు. నలభై ఏళ్లుగా తిరిగిన తొవ్వలో తాను దొంగను కానని మెడలో రాసుకొని తిరుగుతున్నాడు. ఆ కార్డు ఆయన మెడలోంచి దిగిన రోజున, మనం చదివిన చదువు ఏ కొంచెమైనా పనికొచ్చిందని నమ్ముతాను.